రిసార్టు గేటు ఎవరిని ఆపవచ్చు?

సూరత్ నగరం పెరిగింది తాపీ నది ఒడ్డున. సముద్రం ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. నది సముద్రంలో కలిసే చోట ఉత్తరపు గట్టు హజీరా; అక్కడి తీరాన్ని ఉక్కు కర్మాగారం, గ్యాస్ టెర్మినల్, ఓడరేవు పంచుకున్నాయి. అది దాటి వెళితే సువాలీ. సామాన్యుడు సాయంత్రం పూట వెళ్లి రాగలిగేది దక్షిణాన ఉన్న డూమస్‌కే. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. ఆదివారమైతే బండ్ల ముందు టమాటా భజియా కోసం జనం గుమిగూడతారు. చక్రాల్లా కోసిన టమాటా ముక్కకు పచ్చి చట్నీ దట్టంగా పూసి, శనగపిండిలో ముంచి, కాగే నూనెలో వేస్తారు. 2011 జనగణన నాటికే ఈ నగర జనాభా 44 లక్షలు దాటింది. ఆ తర్వాత ఊరి హద్దులు పెరిగాయి, జనమూ పెరిగారు, తీరం మాత్రం పెరగలేదు. ఊపిరి పీల్చుకోవడానికి ఊళ్లో చోటు తగ్గుతున్నకొద్దీ డబ్బు పెట్టి కొనుక్కునే చోట్లు ఎక్కువయ్యాయి. డూమస్ రోడ్డు వెంట, తాపీ ఒడ్డున, సాపుతారా కొండ మీద, దమణ్ తీరాన రిసార్టులు, ఫార్మ్‌హౌస్‌లు వెలిశాయి. వాటిలో గది తీసుకోనివాళ్లు లోపలికి రావచ్చా, వస్తే ఎంతవరకు, ఆపితే ఏ కారణంతో ఆపాలి అన్నది పైకి చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. తవ్వితే ఆస్తి హక్కు, కులం, కూలివాడి సెలవు రోజు, సముద్రం ఎవరిదన్న తగువు, అన్నీ బయటపడతాయి.

ముందుగా నా మాట చెప్పేస్తాను. రిసార్టు తన గోడల లోపల తాను కట్టుకున్నదానికి తలుపు వేసుకోవచ్చు. ఈత కొలను, గదుల వరుస, పిల్లల ఆట స్థలం అతిథులకే అని రాసిపెట్టుకుంటే తప్పు పట్టలేం. తాను కట్టనిదానికి, అంటే సముద్రానికి, నదికి, వాటి దగ్గరికి వెళ్లే దారికి తలుపు వేసే అధికారం దానికి లేదు. తలుపు తెరిచి డబ్బు తీసుకుని బయటివాళ్లను రానిచ్చే చోట మనిషిని చూసి ఎంచుకునే అధికారమూ లేదు. ఈ మూడు సంగతుల్నీ ఒకే మూటలో కట్టి మాట్లాడటం వల్లే ఈ చర్చ ఎప్పుడూ దారి తప్పుతుంది. ఒకరు హోటల్ ప్రైవేటు ఆస్తి అంటారు, ఇంకొకరు ప్రకృతి అందరిదీ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, కాకపోతే వేర్వేరు స్థలాల గురించి.

హోటల్ ప్రైవేటు ఆస్తే అయినా ఇల్లు లాంటి ఆస్తి కాదని రాజ్యాంగమే చెప్పింది. 15వ అధికరణంలోని రెండో క్లాజు దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి వెళ్లడానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడికీ అడ్డు పెట్టకూడదంటుంది. ప్రాథమిక హక్కుల్లో చాలావరకు ప్రభుత్వానికి ఎదురుగా నిలిచేవి. ఇది నేరుగా హోటల్ యజమాని మీదికే వెళుతుంది. రెండు గ్లాసుల పద్ధతి నడిచిన టీ హోటళ్లు తెలుగు పల్లెల్లో నిన్న మొన్నటిదాకా ఉన్నాయి గనక, ఆ వాక్యం ఎందుకు రాయాల్సి వచ్చిందో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే దాని హద్దు కూడా గుర్తించాలి. కారణం లేకుండా అందరినీ ఆపే హోటల్‌ను ఈ అధికరణం ఏమీ అనదు, కొందరిని ఎంచి ఆపేదాన్నే అంటుంది. 1867 నాటి సరాయిల చట్టం ప్రకారం ఏ హోటల్లోనైనా ఎవరైనా ఉచితంగా మంచినీళ్లు తాగవచ్చు, టాయిలెట్ వాడుకోవచ్చు అని ఒక సందేశం వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. చట్టం తిరగేస్తే అందులో ఉన్న ఉచిత ప్రవేశం మేజిస్ట్రేటుకు, ఆయన పంపిన అధికారికి, తనిఖీ కోసం. దారిన పోయేవాడికి కాదు. దారిన పోయేవాడికి ఆ సౌకర్యం కావాలంటే ఏం చేయాలో దక్షిణ ఢిల్లీ నగరపాలక సంస్థ 2017లో చూపించింది. హోటళ్లు, రెస్టారెంట్లు తమ టాయిలెట్లను బయటివాళ్లకూ తెరవాలని, 5 రూపాయల వరకు తీసుకోవచ్చని లైసెన్సు అధికారంతో ఆదేశించింది. పాత చట్టంలో లేని హక్కును ఊహించుకోవడం కన్నా లైసెన్సు కాగితంలో ఒక వాక్యం చేర్చడం మేలు.

సూరత్‌కు ఈ సంగతి కొత్తేమీ కాదు. 1644లో, షాజహాన్ కాలంలో, ఇక్కడి నుంచి ఓడ ఎక్కే హజ్ యాత్రికుల కోసం కట్టిన మొఘల్ సరాయే ఇవాళ సూరత్ నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం. ఆ భవనం వక్ఫ్ ఆస్తి అని వక్ఫ్ బోర్డు ప్రకటించడం, 2024 ఏప్రిల్‌లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేయడం ఇటీవలి చరిత్ర. ఒకనాటి బస ఎవరి కోసం, ఎవరి అధీనంలో అన్న తగువు దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా తెగకుండా సాగిందంటే, బస చేసే చోటు ఒట్టి వ్యాపారం కాదని ఒప్పుకోవాలి.

ఇక తీరం సంగతి. సముద్రపు పోటు రేఖకీ కెరటానికీ మధ్య ఉన్న ఇసుక ఏ రిసార్టుదీ కాదు. అయినా ‘ప్రైవేట్ బీచ్’ అని ప్రకటనల్లో రాసుకుంటారు. అది ఎలా సాధ్యం? ఇసుకను ఆక్రమించనక్కర్లేదు, ఇసుక దగ్గరికి వెళ్లే దారిని మూస్తే చాలు. తీర నియంత్రణ నిబంధనలు రాసినవాళ్లు ఈ కిటుకును పసిగట్టారు. 1991లో తొలి నోటిఫికేషన్ వచ్చినప్పుడే బీచ్ రిసార్టులకు ప్రత్యేక షరతులు పెట్టారు. కంచె వేసుకున్నా జనం తీరానికి వెళ్లడానికి అది అడ్డు కాకూడదు. రెండు హోటళ్ల మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పున ఖాళీ వదలాలి. ఇంతవరకు బాగుంది. ఆ వెంటనే ఒక మెలిక ఉంది. ఆ ఖాళీల మధ్య దూరం 500 మీటర్లకు తగ్గకూడదట. తగ్గకూడదా, మించకూడదా? జనానికి దారి కావాలంటే మించకూడదు అని ఉండాలి. ఉన్నది ఉన్నట్టు చదివితే అర కిలోమీటరు పొడవునా దారి ఇవ్వకపోయినా హోటల్ నిబంధన మీరినట్టు కాదు. 2011లో నోటిఫికేషన్‌ను తిరగరాసినప్పుడూ ఆ వాక్యం అలాగే మిగిలింది. తీరం గురించి ఇన్ని ఉద్యమాలు జరిగాయి గానీ ఈ ఒక్క మాటను పట్టి అడిగినవాళ్లు అరుదు.

ఈ విషయంలో మన దేశంలో తేటతెల్లంగా తేలిన కేసు గోవాది. పణజీ దగ్గర వాయింగిణి తీరాన ఉన్న ఒక పెద్ద హోటల్ కోసం ప్రభుత్వం భూమి సేకరించి ఇచ్చింది. 1983 ఒప్పందంలో తీరానికి జనం వెళ్లే దారి తెరిచి ఉంచాలని షరతు పెట్టింది. ఆ దారి ఉన్న సర్వే నంబరులోనే హోటల్ తన భవనాన్ని పెంచుకుంది. స్థానికులు కోర్టుకెక్కారు. 2009 జనవరిలో ఫోమెంటో రిసార్ట్స్ కేసులో సుప్రీంకోర్టు స్థానికుల వైపు నిలిచింది. నీరు, తీరం, అడవి వంటివాటికి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని, జనం వాడుకునే దారిని ఒకరి లాభం కోసం ధారాదత్తం చేయలేదని చెప్పింది. ఈ సూత్రం అంతకుముందే ఇంకో విహార స్థలం పుణ్యాన మన న్యాయశాస్త్రంలోకి వచ్చింది. మనాలీ దగ్గర బియాస్ నది ప్రవాహాన్నే మళ్లించబోయిన మోటల్ కేసులో, 1996 డిసెంబరులో, కమల్‌నాథ్ తీర్పుగా అది వెలువడింది. అంటే తాపీ ఒడ్డున ఉన్న రిసార్టుకూ ఇదే వర్తిస్తుంది. నదికి పోటు రేఖ లెక్కలు అక్కర్లేదు, ధర్మకర్త బాధ్యత చాలు. అయితే గోవా కథ అక్కడితో ముగియలేదు. భవనాన్ని కూల్చాల్సి రాకుండా రాష్ట్ర ప్రభుత్వం అదే ఏడాది భూసేకరణ చట్టాన్ని సవరించింది. 2016లో ఆ సవరణ కూడా సుప్రీంకోర్టులో నెగ్గింది. ధర్మకర్త అని కోర్టు చెప్పిన ప్రభుత్వమే హోటల్ తరఫున చట్టం తెచ్చిందన్నమాట.

ఇతర దేశాల్లోనూ ఈ తగువు ఇదే రూపంలో ఉంది. కాలిఫోర్నియాలో మన భారతీయ సంతతి కోటీశ్వరుడు వినోద్ ఖోస్లా 2008లో మార్టిన్స్ బీచ్ పక్క భూమి కొని, పాతకాలపు దారికి గేటు వేశారు. ఇసుక తనదని ఆయనా అనలేదు, దారి తనదన్నారు. కింది కోర్టులో ఓడారు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన అప్పీలును విచారణకే తీసుకోలేదు. జమైకాలో సంగతి తిరగబడి ఉంది. అక్కడ 1956 నాటి చట్టం తీరాన్ని రాజ్యానికి అప్పగించింది గానీ జనానికి సాధారణ హక్కు ఇవ్వలేదు. పర్యాటకం మీద బతికే ఆ దీవిలో తమ సముద్రంలో స్నానం చేయడానికి స్థానికులు ఇప్పటికీ ఉద్యమం చేస్తున్నారు. చట్టంలో హక్కు లేకపోతే ఏమవుతుందో జమైకాను చూస్తే తెలుస్తుంది. హక్కు ఉన్నా కాపలా లేకపోతే ఏమవుతుందో గోవాను చూస్తే తెలుస్తుంది.

మన విశాఖ ఈ రెంటికీ మధ్యలో ఉంది. రుషికొండ మీద పర్యాటక సంస్థ నడిపిన హరిత రిసార్టులో గది తీసుకోకపోయినా ఒకప్పుడు భోజనం చేసి, సముద్రం చూసి రాగలిగేవాళ్లు. 2021లో దాన్ని కూల్చి కొత్త భవనాలు మొదలుపెట్టాక కొండ చుట్టూ కాపలా బిగిసింది. లోపల ఏం కడుతున్నారన్నది కోర్టుల్లో వ్యాజ్యంగా, వీధుల్లో రాజకీయంగా మారింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారిన తర్వాతే ఆ గదులెలా ఉన్నాయో జనం టీవీల్లో చూశారు. ఏ పార్టీ వాదన ఎలా ఉన్నా, ప్రజల డబ్బుతో ప్రజల కొండ మీద కట్టినదాన్ని ప్రజలు చూడలేకపోవడం అన్నిటికంటే వింతైన ఆంక్ష. ఆ కొండ కింద ఉన్న బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2023 జులైలో అక్కడ 20 రూపాయల ప్రవేశ రుసుము అన్నారు, గొడవ కావడంతో వెనక్కి తగ్గారు. ఇరవై రూపాయలు ఎంతని కొందరు అడిగారు. వాళ్ల ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. శుభ్రం చేయడానికి ఖర్చవుతుంది, మరుగుదొడ్లకు నీళ్లు కావాలి. కానీ వాహనం నిలిపినందుకు, స్నానాల గది వాడినందుకు తీసుకునే డబ్బు సేవకు వెల. ఇసుక మీద కాలు పెట్టినందుకు తీసుకునే డబ్బు వేరు. మొదటిది వద్దనుకున్నవాడు చెల్లించకుండా ఉండగలడు, రెండోది వద్దనుకున్నవాడు వెనక్కి వెళ్లిపోవాలి.

ఇక రిసార్టు యజమానుల వాదనలకు వద్దాం. వాటిలో బలమైనది అతిథుల ప్రశాంతత. వేలకు వేలు పోసి వచ్చినవాళ్లు జనం గోల వినడానికి రారంటారు. ఒప్పుకోదగిన మాటే. కానీ పెళ్లిళ్ల సీజన్లో డూమస్ రోడ్డు వైపు చూడండి. లాన్‌లో ఎనిమిది వందల మందికి బఫే, అర్ధరాత్రిదాకా డీజే. ఆ వచ్చినవాళ్లలో గది తీసుకున్నది ఎందరు? మామూలు ఆదివారాల్లో ‘వన్ డే పిక్నిక్ ప్యాకేజీ’ అమ్మేది ఎవరికి? ఉదయం నాస్తా, మధ్యాహ్నం భోజనం, హైటీ, రెయిన్ డ్యాన్స్, సాయంత్రం ఇంటికి. గదుల ఆదాయంతోనే బతికే రిసార్టులు ఈ ప్రాంతంలో తక్కువ, బయటివాళ్లే వాటికి ఆధారం. అలాంటప్పుడు బయటివాళ్లు అన్న కారణం ప్రశాంతతకు సంబంధించినది కాలేదు. డబ్బు ఇచ్చే బయటివాళ్లు, ఇవ్వని బయటివాళ్లు అన్న తేడా ఒకటే మిగులుతుంది. వ్యాపారంగా అది సమంజసమే, లోపల అమ్మే సేవకు వెల పెట్టుకోనివ్వండి. కాకపోతే ఆ వెల గేటు మీద రాసి ఉండాలి, గేటు దగ్గరికి వచ్చినవాడి మోటారు సైకిల్‌ను చూసి పెరగకూడదు.

రెండో వాదన భద్రత. 2008 నవంబరు 26 ముంబై దాడుల తర్వాత హోటళ్ల వాకిట్లో మెటల్ డిటెక్టర్లు నిలిచాయి, ఎవరూ కాదనలేదు. తనిఖీ వేరు, నిషేధం వేరు. ముంబై తాజ్ హోటల్‌లో దాడికి ముందు రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ 2007లో అక్కడ గది తీసుకుని దిగినవాడే. గది తాళం చేతిలో ఉండటం మంచితనానికి ధ్రువపత్రం కాదు. భద్రతలో నిజంగా భయపడాల్సింది ఇంకొకటి ఉంది, అది జనం సంఖ్య. 2024 జనవరి 18న వడోదర హర్ణి చెరువులో విహార పడవ మునిగి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అదే ఏడాది మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల్లో 27 మంది కాలిపోయారు. ఆ రోజు 99 రూపాయల టికెట్ పెట్టడంతో జనం ఎక్కువగా వచ్చారని వార్తలొచ్చాయి. దానికి ఐదేళ్ల కిందట, 2019 మే 24న, సూరత్‌లోనే తక్షశిల ఆర్కేడ్ మంటల్లో కోచింగ్‌కు వచ్చిన 22 మంది విద్యార్థులు పోయారు. ఈ మూడు చోట్లా చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది డబ్బు కట్టి వచ్చినవాళ్లే. కాబట్టి ఈత కొలనులో ఒక్కసారి ఇంతమందే, ఇద్దరు లైఫ్‌గార్డులు ఉంటేనే అన్న ఆంక్షను నేను మనసారా సమర్థిస్తాను. ఆ లెక్క గదివాళ్లకూ పిక్నిక్‌వాళ్లకూ పెళ్లివాళ్లకూ ఒక్కటే కావాలి. బయటివాడిని భద్రత పేరుతో ఆపి, లోపలివాళ్లను లెక్క లేకుండా కొలనులోకి దించే రిసార్టు భద్రత గురించి మాట్లాడటం లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం మనిషిని ఎంచడం మీద. మాల్‌లో, క్లబ్బులో పంచె కట్టుకున్నవాడిని ఆపిన సంఘటనలు అందరికీ తెలుసు. చెన్నైలో ఒక హైకోర్టు న్యాయమూర్తినే క్లబ్బు వాకిట్లో ఆపితే అలా ఆపకూడదని 2014లో తమిళనాడు చట్టం చేసింది. 2024 జులైలో బెంగళూరులో పంచె కట్టిన రైతును ఆపిన మాల్‌ను ప్రభుత్వం వారం రోజులు మూయించింది. బట్టల సంగతి కంటికి కనిపిస్తుంది గనక కోపం త్వరగా వస్తుంది. సూరత్‌లో కంటికి కనిపించని ఆంక్ష ఇంకొకటి ఉంది, అది ‘స్టాగ్ ఎంట్రీ లేదు’ అన్నది. అంటే కుటుంబం వెంట లేని మగవాళ్లకు ప్రవేశం లేదని. 2011 జనగణనలో ఈ నగరంలో వెయ్యి మంది మగవాళ్లకు ఆడవాళ్లు 800 కూడా లేరు. కారణం అందరికీ తెలిసిందే. సాంచెల మీద, డైయింగ్ మిల్లుల్లో, వజ్రాలకు సానపెట్టే ఘంటీల మీద పనిచేసేవాళ్లు పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చారు. ఒడిశా గంజాం నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, మన కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎంత స్థిరపడ్డాయంటే నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక బడులు నడుపుతోంది. అయినా ఒంటరిగా వచ్చి గదికి పది మంది చొప్పున ఉండేవాళ్లకు కొదవ లేదు. ఇటువంటి ఊళ్లో ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అనే బోర్డు, మాటల్లో అనకపోయినా, కూలివాళ్లు రావద్దనే అంటుంది. ఆడపిల్లల రక్షణ కోసం అంటారు. ఆ భయం అబద్ధం కాదు, మగ గుంపుల ఆగడాలు ఆడవాళ్లు రోజూ పడుతున్నవే. కానీ ఆగడం చేసినవాడిని బయటికి గెంటడానికి సిబ్బంది కావాలి, వాళ్లకు జీతం ఇవ్వాలి. బోర్డుకు పెయింటు ఖర్చు తప్ప ఏమీ అక్కర్లేదు. రిసార్టు చవకైన దారి ఎంచుకుంది, అంతే.

దీనికి తోడు ‘లోకల్ ఐడీ’ గొడవ. ఆ ఊరి చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే గది ఇవ్వని హోటళ్లు దేశమంతా ఉన్నాయి. సిరిసిల్ల చిరునామా మార్చుకోని నేత కార్మికుడికి సూరత్‌లో గది దొరుకుతుంది. ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఓటు వేసి, పన్ను కట్టే అతని అన్నకు దొరకదు. రాజ్యాంగం పుట్టిన చోటును కాపాడింది గానీ నివాసాన్ని కాపాడలేదు. ఆ సందులోంచే ఈ ఆచారం నడుస్తోంది.

ఇంత చెప్పాక కూడా ఒక ఆక్షేపణ మిగులుతుంది. జనాన్ని రానిస్తే చెత్త మిగులుతుంది, డూమస్‌ను చూడండి, రిసార్టు పక్కనున్న ఇసుకే శుభ్రంగా ఉంటుంది అంటారు. నిజమే, ఉంటుంది. 1994 ప్లేగు తర్వాత దేశమంతా ముక్కు మూసుకున్న సూరత్ కూడా ఒకప్పుడు చెత్తకే పేరు. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు ఊరిని శుభ్రం చేసింది జనాన్ని తరిమి కాదు. అధికారులను రోజూ వీధుల్లోకి దించారు, శుభ్రత పాటించని పెద్ద తినుబండారాల హోటళ్లకు జరిమానాలు వేశారు, పలుకుబడి ఉన్నవాళ్ల అక్రమ కట్టడాలనూ వదల్లేదు. వాడలు శుభ్రమైన పద్ధతిలోనే తీరమూ శుభ్రమవుతుంది. చెత్త సాకుతో తీరాన్ని హోటల్‌కు అప్పగించాలంటే, అదే లెక్కన రింగ్ రోడ్డు చీరల మార్కెట్ల ముందరి వీధినీ ఎవరికో ఒకరికి అప్పగించాలి.

డూమస్ తీరాన ఇప్పుడు సీఫేస్ ప్రాజెక్టు పనులు సాగుతున్నాయి. దాని వెనకే హోటళ్లు వస్తాయి, లీజులు రాస్తారు. అడగాల్సినవాళ్లు అడగాల్సింది ఇప్పుడే. సూరత్‌లోని తెలుగు సంఘాలు బతుకమ్మకు మైదానం అడిగినట్టే దీన్నీ నగరపాలక సంస్థను అడగాలి. ప్రతి లీజులో తీరానికి వెళ్లే దారి సర్వే నంబరుతో సహా రాయాలి, ఆ దారి మొదట్లో గుజరాతీ, హిందీల్లో బోర్డు ఉండాలి. పగటి పాసు వెల, ఒక్కసారికి ఎందరన్న లెక్క గేటు బయట కనిపించాలి. కుటుంబం ఉందా, ఏ ఊరి ఆధార్ అని అడిగి ఆపితే లైసెన్సు మీద చర్య ఉండాలి. తర్వాత కోర్టుకు వెళ్దాంలే అనుకుంటే గోవా వాళ్ల లెక్క ఒక్కసారి చూసుకోండి. అక్కడ దారి షరతు 1983లోనే కాగితం మీద ఉంది, సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి పాతికేళ్లు గడిచాయి.